ఫిల్మ్ రిజిస్ట్రేషన్: పంచ్ కొనాలా, ట్యాబ్‌లు చేసుకోవాలా, గ్రిడ్ బోర్డు కట్టుకోవాలా?

స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకో ఫిల్మ్, రంగుకో స్క్రీన్. ఆ రంగులన్నీ ఒకదానితో ఒకటి సరిగ్గా కుదిరేలా చూసుకోవడమే రిజిస్ట్రేషన్. ఒక్క రంగు వేస్తున్నంత కాలం ఫిల్మ్ వంకర పోయిందా లేదా అన్నదొక్కటే చూసుకుంటాం. రెండో రంగు వచ్చిందంటే కథ మారిపోతుంది. ప్రెస్ దగ్గర నిలబడి ఒక స్క్రీన్ ఇటు జరిపి, ఇంకోటి అటు జరిపి, టెస్ట్ ప్రింట్ తీసి, మళ్లీ జరిపి, హమ్మయ్య కుదిరింది అనుకుని క్లాంప్ బిగించేసరికి అది కాస్తా జరిగిపోయి, అసలు ప్రింటింగ్ కంటే సెటప్‌కే ఎక్కువ టైమ్ తినేస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు పిన్ రిజిస్ట్రేషన్ పెట్టుకోమంటారు, అంటే ఫిల్ములకి కన్నాలు పెట్టి, పిన్నులకి తొడిగి ఒకే చోట కూర్చోబెట్టే పద్ధతి. సరే అని సెట్టు ధర కనుక్కుంటే కన్నాలు కొట్టే పంచ్ మెషిన్, పిన్నులు, క్యారియర్ షీట్లు, ప్రెస్‌కి పెట్టే జిగ్ అంటూ జాబితా పెరుగుతూ పోతుంది. ఇంతా చేస్తే అందులో ఉన్నవి నాలుగు రేకు ముక్కలు, రెండు మేకుల్లాంటి పిన్నులు, కొంచెం ప్లాస్టిక్. మనమే చేసుకోలేమా అనిపించడం సహజం. చేసుకోవచ్చు. కాకపోతే ఏది చేసుకోవాలి, ఏది వదిలేయాలి అన్నది ముందు తేలాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న షాపు వాళ్లు అందరికంటే ముందు కొనాలనుకునేది పంచ్. నన్నడిగితే అన్నిటికంటే చివర కొనాల్సింది అదే, చాలామందికి అసలు అక్కర్లేనిది కూడా అదే.

తప్పు ఎక్కడ పుడుతోంది?

కంప్యూటర్‌లో ఉన్న బొమ్మ బట్ట మీదకి చేరేలోపు మూడు అతుకులు దాటాలి. మొదటిది బొమ్మకీ, ఆ ఫిల్మ్‌ని పట్టుకునే కన్నాలకీ మధ్య. రెండోది ఫిల్మ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య. మూడోది ఫ్రేమ్‌కీ ప్రెస్‌కీ మధ్య. ఈ మూడిట్లో ఏ ఒక్కటి లూజుగా ఉన్నా మిగతా రెండూ ఎంత గట్టిగా ఉన్నా ఉపయోగం లేదు. పంచ్ అనేది మొదటి అతుకుని మాత్రమే చూసుకుంటుంది, అది కూడా సగమే.

సగమే అని ఎందుకంటున్నానంటే, ఇంక్‌జెట్ ప్రింటర్ షీటుని లోపలికి లాక్కునేటప్పుడు ప్రతిసారీ ఒకే చోట పట్టుకోదు. ఒక షీట్‌లో బొమ్మ అంచు నుంచి ఇంత దూరంలో పడితే ఇంకో షీట్‌లో కొంచెం ఎక్కువో తక్కువో, ఒక్కోసారి కాస్త ఏటవాలుగానో పడుతుంది. అలాంటప్పుడు షీట్ అంచుని ఆనించి ఎంత ఖరీదైన పంచ్‌తో కన్నాలు కొట్టినా, కన్నాలు అంచుతో సరిగ్గా కుదురుతాయి గానీ బొమ్మతో కుదరవు. ముందే కన్నాలు కొట్టి తర్వాత ప్రింట్ తీసినా అదే గొడవ. కాబట్టి ఎలాగూ లైట్ టేబుల్ మీద ఒక ఫిల్మ్ పైన ఇంకో ఫిల్మ్ పెట్టి, లూప్ అనే చిన్న భూతద్దంలో చూస్తూ మార్కులు కలపాల్సిందే. ఎలాగూ కంటితో కలుపుతున్నాం కాబట్టి, కలిపిన తర్వాత ఆ స్థానం చెదిరిపోకుండా పట్టుకునే వస్తువు మనకి కావాలి. అదే పంచ్ అవ్వాలని ఏమీ లేదు.

ఏదీ కొనకముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఒకే ఫైల్‌ని, నాలుగు మూలలా మార్కులతో, రెండు సార్లు ప్రింట్ తీయండి. రెండు ఫిల్ములనీ లైట్ టేబుల్ మీద ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక వైపు మార్కులు సరిగ్గా కలపండి. అప్పుడు అవతలి వైపు మార్కులు కూడా కలవాలి. కలవకపోతే మీ ప్రింటర్ ఫిల్మ్‌ని ఒకసారి పొడుగ్గా, ఒకసారి పొట్టిగా గీస్తోందన్నమాట. రోలర్లు తుడవండి, షీట్ జారకుండా వెనక ఆధారం పెట్టండి, ఒక పనికి సంబంధించిన ఫిల్ములన్నీ ఒకే వరుసలో, ఒకే దిక్కులో తీయండి. ఇది సరిచేసుకోకుండా పిన్నుల జోలికి వెళ్లొద్దు. ఏ పిన్నూ పొడుగు తేడాని సరిచేయలేదు.

లేజర్ ప్రింటర్‌లో ట్రేసింగ్ పేపర్ మీద పాజిటివ్ తీసేవాళ్లకి ఈ బెడద ఇంకా ఎక్కువ. ఫ్యూజర్ వేడికి పేపర్‌లో తేమ పోయి అది కుంచించుకుపోతుంది, తర్వాత గాలిలో తేమ పీల్చుకుని మళ్లీ సాగుతుంది. ఖాళీ షీట్లని ఒకసారి ప్రింటర్ గుండా పంపి, వెంటనే వాటి మీదే అసలు ప్రింట్ తీస్తే తేడా కొంత తగ్గుతుంది. కానీ మూడు నాలుగు రంగులు పక్కపక్కనే తగలాల్సిన పనికి మాత్రం ట్రేసింగ్ పేపర్ వద్దనే అంటాను. పాలిస్టర్ ఫిల్మ్ వేడికి సాగేది మీటరుకి, డిగ్రీకి సుమారు 0.02 మిల్లీమీటర్లే. 400 మి.మీ. ఫిల్మ్ 10 డిగ్రీలు వేడెక్కినా 0.08 మి.మీ. దగ్గర ఆగుతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఎంత కచ్చితత్వం కావాలి?

అందరికీ ఒకే కొలత అక్కర్లేదు. రంగులు ఒకదానికొకటి దూరంగా ఉండే లోగో అయితే అర మిల్లీమీటర్ అటూ ఇటూ పోయినా ఎవరూ కనిపెట్టరు. నల్ల గీత లోపల రంగు నింపే బొమ్మ అయితే సాఫ్ట్‌వేర్‌లో ఆ రంగుని గీత కిందకి ఒక పాయింట్, అంటే 0.35 మి.మీ., చొచ్చుకుపోయేలా పెంచుతాం, ఆ మేరకు తప్పు దాక్కుంటుంది. ఇక హాఫ్‌టోన్‌తో, అంటే రంగుని చిన్న చిన్న చుక్కలుగా విడగొట్టి వేసే, నాలుగు రంగుల ఫోటో పని అయితే లెక్క వేరే. అంగుళానికి 45 లైన్లు అంటే ఒక్కో చుక్కల వరుసకీ మధ్య దూరం 0.56 మి.మీ. మాత్రమే. అందులో పావు వంతు జరిగినా రంగు మారినట్టు కనిపిస్తుంది. మీరు చేసేది మొదటి రెండు రకాలే అయితే ఇంట్లో తయారు చేసుకున్న సామాను నిక్షేపంగా సరిపోతుంది. మూడో రకానికి కూడా సరిపోతుంది గానీ, ఇంకొంచెం ఓపిక కావాలి.

ఇక్కడే మార్కుల సంగతి కూడా చెప్పాలి. ఫిల్మ్ మీద ఫిల్మ్ కలపడానికి మార్కు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. కానీ అదే సన్న గీత స్క్రీన్ మీద తేలదు. 43టి మెష్‌లో, అంటే సెంటీమీటరుకి 43 దారాలున్న స్క్రీన్ వలలో, ఒక దారం మధ్య నుంచి పక్క దారం మధ్యకి దూరం సుమారు 0.23 మి.మీ. అర పాయింట్ గీత 0.18 మి.మీ. అంటే ఆ దూరం కంటే గీతే సన్నం, కడిగేటప్పుడు ముక్కలు ముక్కలుగా వస్తుంది. అందుకే రెండు రకాలూ పెట్టుకోండి. ఫిల్మ్ అంచుల్లో సన్న క్రాస్ మార్కు, బొమ్మకి దగ్గర్లో ప్రెస్ మీద చూసుకోవడానికి ఒక పాయింట్ కంటే తక్కువ కాని క్రాస్. మార్కులు బొమ్మకి నాలుగు వైపులా మధ్యలో ఉండాలి. పైనా కిందా రెండే పెట్టి సరిపెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, పక్కలకి ఫిల్మ్ సాగితే వాళ్లకి తెలిసే దారే లేదు.

ఆఫీసు పంచ్: చవకే, కానీ

ఫైలింగ్ కోసం వాడే రెండు కన్నాల పంచ్ అందరికీ తట్టే ఆలోచనే. ఐఎస్‌ఓ 838 ప్రకారం ఆ కన్నాలు 6 మి.మీ., వాటి మధ్య దూరం 80 మి.మీ. వినడానికి బాగానే ఉంది. అయితే ఆ ప్రమాణంలోనే కన్నానికి అర మిల్లీమీటర్ అటూ ఇటూ వదిలేశారు, కాగితాలకి అది చాలు. పైగా అమెరికా తరహా పంచ్‌లలో మధ్య దూరం వేరు, రెండు కన్నాల వాటిలో 70 మి.మీ. ఉంటుంది. షాపులో రెండు రకాల పంచ్‌లు తిరుగుతుంటే ఏ ఫిల్మ్‌ని దేనితో కొట్టారో తెలియక తల పట్టుకోవాలి.

దీనికి అసలు జబ్బు 80 మిల్లీమీటర్ల దూరమే. లెక్క చూడండి. పిన్ 6.0, కన్నం 6.1 అనుకుందాం, 0.1 మి.మీ. లూజు. ఫిల్మ్ ఆ లూజులో ఒక కన్నం దగ్గర పైకి, రెండో దాని దగ్గర కిందకి జరిగిందంటే 80 మి.మీ.లో 0.1 తిరిగినట్టు. అదే తిరుగుడు పిన్నుల నుంచి 400 మి.మీ. దూరంలో ఉన్న బొమ్మ కొస దగ్గరికి వచ్చేసరికి 0.5 మి.మీ. అవుతుంది. అవే పిన్నులు, అవే కన్నాలు, అదే లూజు, కానీ పిన్నుల మధ్య దూరం 400 మి.మీ. చేశారనుకోండి, కొస దగ్గర తేడా 0.1 దగ్గరే ఉంటుంది. పిన్ ఎంత నున్నగా తిప్పించారన్న దానికంటే రెండు పిన్నుల మధ్య ఎంత దూరం ఉందన్నది ముఖ్యం. ఇది డబ్బు పెట్టకుండా వచ్చే కచ్చితత్వం, అయినా ఎందుకో దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

అందుకని రెండు కన్నాల పంచ్‌ని రెండు కన్నాల పంచ్‌లా వాడకండి. ఒక్క కన్నం కొట్టే యంత్రంలా వాడండి. అక్కడి నుంచే ట్యాబ్‌లు వస్తాయి.

ట్యాబ్‌లు, పిన్ బార్

ట్యాబ్ అంటే కన్నం ఉన్న చిన్న ప్లాస్టిక్ పట్టీ, ఫిల్మ్ అంచుకి టేపుతో అతికిస్తాం. రెడీమేడ్ కూడా దొరుకుతాయి. మనం చేసుకోవాలంటే 175 నుంచి 250 మైక్రాన్ల పాలిస్టర్ షీట్ తీసుకుని, సుమారు 25 మి.మీ. వెడల్పు, 60 మి.మీ. పొడవు ముక్కలుగా కోసి, ఒక చివర కన్నం కొట్టడమే. మామూలు ఇంక్‌జెట్ ఫిల్మ్ 100 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, ట్యాబ్‌కి అది పల్చన, నాలుగు సార్లు పిన్ మీద పెట్టి తీస్తే కన్నం సాగిపోతుంది. పంచ్ పళ్లు మొద్దుబారితే కన్నం అంచున చిన్న పొర లేస్తుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ప్లాస్టిక్‌ని రెండు అట్టముక్కల మధ్య పెట్టి కొడితే అంచు శుభ్రంగా వస్తుంది.

కన్నానికి తగ్గ పిన్ వెతుక్కోవడం ఇందులో అసలు ఘట్టం. పావు అంగుళం పిన్ అని కొంటే అది 6.35 మి.మీ., 6 మి.మీ. కన్నంలో దూరదు, బలవంతం చేస్తే ప్లాస్టిక్ ఉబ్బుతుంది. వెర్నియర్‌తో పల్చటి ప్లాస్టిక్ కన్నం కొలవడం కూడా అంత నమ్మకంగా రాదు. దీనికి సులువైన ఉపాయం డ్రిల్ బిట్లు. అవి 0.1 మి.మీ. తేడాతో దొరుకుతాయి. బిట్ వెనక నున్నటి భాగాన్ని కన్నంలో దూర్చి చూడండి. ఒకటి లూజుగా ఊగుతుంది, తర్వాతిది కొంచెం పట్టినట్టు అనిపించి, వదిలితే సొంత బరువుకి జారకుండా, వేలితో నెడితే జారుతుంది. అదే మీ కొలత. బిట్ నున్నటి భాగాన్ని వెర్నియర్‌తో కొలిచి, ఆ అంకె పట్టుకెళ్లి లేత్ మీద ఇత్తడి రాడ్‌ని అంతకి తిప్పించండి. కొలత సరిగ్గా 6 అయితే లేత్ దాకా వెళ్లనక్కర్లేదు, 6 మి.మీ. స్టీల్ డోవెల్ పిన్నులే దొరుకుతాయి. వాటిలో ఎమ్6 రకం 6 కంటే కొన్ని మైక్రాన్లు ఎక్కువ, హెచ్6 రకం కొంచెం తక్కువ. ప్లాస్టిక్ కన్నానికి హెచ్6 హాయిగా ఉంటుంది.

పిన్నులు నాటే పట్టీ, అంటే పిన్ బార్, దేనితో చేయాలి? నేనైతే అల్యూమినియం పట్టీ అంటాను. వేడికి అల్యూమినియం సాగే లెక్క పాలిస్టర్‌కి దాదాపు దగ్గర. చూడటానికి బాగుంటుందని చాలామంది అక్రిలిక్ వాడతారు. అది పాలిస్టర్ కంటే మూడు రెట్ల పైగా సాగుతుంది, 400 మి.మీ.కి 10 డిగ్రీల తేడా వస్తే పావు మిల్లీమీటర్ దాటుతుంది. కింద వేడెక్కే లైటు ఉన్న టేబుల్ మీద అయితే మరీ. అక్రిలిక్ పైన వేసే షీట్‌గా పనికొస్తుంది గానీ పిన్నులు నాటే చోటు కాదు. ప్లైవుడ్ తేమకి జరుగుతుంది, కానీ ఒకే పని ఒకే వారంలో అయిపోతుందంటే దానికీ అభ్యంతరం లేదు.

రెండు కన్నాల్లో ఒకటే గుండ్రంగా ఉండాలి, రెండోది కొంచెం సాగదీసిన కన్నం అవ్వాలి. గుండ్రటి కన్నం ఫిల్మ్‌ని ఒక చోట కట్టేస్తుంది, సాగదీసిన కన్నం ఫిల్మ్ తిరగకుండా ఆపుతూనే పొడుగులో వెంట్రుకవాసి కదలడానికి చోటిస్తుంది. రెండూ గుండ్రంగా ఉంటే వాతావరణం మారిన రోజు ఫిల్మ్ మధ్యలో బుడగలా లేస్తుంది. సాగదీసిన కన్నం చేయడానికి ఒకసారి కొట్టి, ట్యాబ్‌ని పిన్నుల వరుస దిక్కులో 2 మి.మీ. జరిపి మళ్లీ కొట్టి, మధ్యలో మిగిలిన మొనలని బ్లేడుతో తీసేస్తే చాలు. జరిపేటప్పుడు అడ్డం దిక్కులో కదలకుండా ఏదైనా అంచుకి ఆనించి కొట్టాలి, లేదంటే కన్నం వెడల్పే పెరిగి అసలుకే ఎసరు వస్తుంది.

వాడకం ఇలా. మొదటి రంగు ఫిల్మ్‌ని పిన్ బార్ ముందు పరిచి, ట్యాబ్‌లని పిన్నులకి తొడిగి, అక్కడే ఫిల్మ్‌కి అతికించాలి. దాని మీద రెండో రంగు ఫిల్మ్‌ని పెట్టి, లూప్‌లో చూస్తూ నాలుగు మార్కులూ కలిపి, కదలకుండా చిన్న బరువు పెట్టి, రెండో జత ట్యాబ్‌లని అవే పిన్నులకి తొడిగి అతికించాలి. మూడోది కూడా మొదటి ఫిల్మ్‌తోనే కలపాలి, రెండోదానితో కాదు. రెండోదానితో కలిపితే దాని తప్పు దీనికీ అంటుకుని కూడుకుంటూ పోతుంది. టేపు కూడా సాగని రకం కావాలి. మామూలు సెల్లో టేపు మొదట్లో బాగానే ఉండి, ఎండాకాలం బీరువాలో పడి ఉంటే జిగురు జారి ట్యాబ్ కదులుతుంది. దాచిపెట్టే ఫిల్ములకి పాలిస్టర్ టేపు వాడండి.

చూశారుగా, ఈ పద్ధతిలో కన్నం అంచు నుంచి ఎంత దూరంలో ఉందన్నది అసలు లెక్కలోకే రాదు. ఒక్కో ట్యాబ్‌ని వేరేవేరు పంచ్‌లతో కొట్టినా నష్టం లేదు, కన్నం సైజు ఒకటైతే చాలు.

గ్రిడ్ బోర్డు: చాలా షాపులకి ఇదే చాలు

ట్యాబ్‌ల పని అంతా ఎప్పుడు గిట్టుబాటు అంటే అదే ఫిల్మ్ మళ్లీ మళ్లీ వాడేటప్పుడు. ఈ నెల వేసిన పని మళ్లీ ఆరు నెలలకి వస్తుందంటే ఫిల్మ్ తీసి పిన్ మీద తొడగడం రెండు క్షణాల పని. ఒకసారి వేసి పక్కన పడేసే పనులే ఎక్కువైతే ప్రతి ఫిల్మ్‌కీ ట్యాబ్‌లు అతికించడం శ్రమ దండగ. వాళ్లకి గ్రిడ్ బోర్డు మంచిది.

దీనికి కావాల్సింది కింద లైటు, పైన 5 లేదా 6 మి.మీ. గాజు, గాజు మీద సెంటర్ లైన్లు, సెంటీమీటర్ గళ్లు ఉన్న ఒక ఫిల్మ్, చుట్టూ మూడు స్టాపులు. గ్రిడ్ ఫిల్మ్‌ని గాజు పైనే అతికించాలి, కింద కాదు. కింద పెడితే మధ్యలో 5 మి.మీ. మందం వచ్చి, తల కొంచెం పక్కకి వంచినా గీత జరిగినట్టు కనిపిస్తుంది. గ్రిడ్‌ని మీ ప్రింటర్ మీదే తీసుకోండి. అది కొలతకి కచ్చితంగా లేదే అని బెంగ వద్దు, అన్ని రంగుల ఫిల్ములూ అదే గ్రిడ్‌తో కలుస్తాయి కాబట్టి గ్రిడ్ తప్పున్నా అందరికీ ఒకే తప్పు. అది కదలకుండా, మారకుండా ఉంటే సరి.

ఫిల్మ్‌ని ఇంక్ వైపు పైకి ఉండేలా, అక్షరాలు సరిగ్గా చదవగలిగేలా గ్రిడ్ మీద పెట్టి, మార్కులు కలిపి, నాలుగు మూలలా జిగురు వైపు పైకి ఉండేలా చిన్న టేపు ముక్కలు పెట్టాలి. తర్వాత ఎమల్షన్ (వెలుతురు తగిలితే గట్టిపడే పూత) వేసి ఆరిన స్క్రీన్‌ని ప్రింట్ వైపు కిందకి ఉండేలా, మూడు స్టాపులకీ ఆనించి, మెల్లగా దించి, లోపలి నుంచి టేపు ముక్కలున్న చోట వేలితో నొక్కితే ఫిల్మ్ స్క్రీన్‌కి అంటుకుని పైకి వచ్చేస్తుంది. ఇంక్ నేరుగా ఎమల్షన్‌కి తగులుతుంది, మధ్యలో సందు ఉండదు. ఒక జాగ్రత్త: ఫిల్మ్ కలపడం అయ్యాక కింద తెల్ల లైటు ఆర్పేసి, పసుపు వెలుతురులోనే స్క్రీన్ తేవాలి. లేకపోతే మార్కులు చూసుకుంటున్నంత సేపూ ఎమల్షన్ ఎక్స్‌పోజ్ అయిపోతూ ఉంటుంది. కింద పసుపు ఎల్‌ఈడీ పట్టీ పెట్టుకుంటే ఈ గొడవే లేదు.

ట్యాబ్‌లు కూడా ఇదే బోర్డు మీద పనిచేయాలంటే పిన్నులు ఫ్రేమ్ బయట ఉండాలి. ఫ్రేమ్ లోపల ఉంటే పిన్ తల మెష్‌కి పొడుచుకుంటుంది. అందుకే ఫ్రేమ్ కంటే పొడవైన పారదర్శక షీట్ ఒకటి చేసి, దాన్ని పిన్నులకి తొడిగి, ఫిల్ములని దాని మీద పెడతారు. క్యారియర్ షీట్ అంటే ఇదే. పిన్నులున్న క్యారియర్‌ని అలాగే తీసుకెళ్లి వాక్యూమ్ ఎక్స్‌పోజింగ్ యూనిట్‌లో పెట్టకండి, రబ్బర్ బిగిసినప్పుడు పిన్ గాజుని పగలగొట్టగలదు.

మూడు స్టాపులు: ముందు ఇక్కడ ఖర్చు పెట్టండి

బోర్డు మీద ఎంత బాగా కలిపినా, ఆ ఫ్రేమ్ ప్రెస్ మీదకి వెళ్లి అదే చోట కూర్చోకపోతే అంతా బూడిదలో పోసినట్టే. ఫ్రేమ్‌ని పట్టుకోవడానికి మూడు బిందువులు చాలు, నాలుగు పెడితే పని చెడుతుంది. పొడవు వైపు రెండు, పొట్టి వైపు ఒకటి. గుండ్రటి బోల్టు తల చక్కగా పనికొస్తుంది, ఎందుకంటే ఫ్రేమ్ దాన్ని ఒక్క చోటే తాకుతుంది. పొడుగు పట్టీ పెడితే ఫ్రేమ్ ఏ గుట్టకి ఆనుతుందో మనకి తెలియదు.

బోర్డు మీద ఫ్రేమ్‌ని ఏ మూడు చోట్ల స్టాపులు తాకుతున్నాయో, ప్రెస్ మీద కూడా సరిగ్గా ఆ మూడు చోట్లే తాకాలి. అప్పుడు ఫ్రేమ్ మూల 90 డిగ్రీలు ఉందా, చెక్క కొంచెం వంగిందా అన్నది పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. రెండు చోట్లా అదే వంకరతో కూర్చుంటుంది కాబట్టి బొమ్మ మాత్రం తిన్నగానే పడుతుంది. చెక్క ఫ్రేములకి ఆ మూడు చోట్లా చిన్న రేకు బిళ్ల అతికించండి, వాడగా వాడగా చెక్క నొక్కుకుపోకుండా ఉంటుంది. ఏ మూల స్టాపుల వైపు రావాలో ఫ్రేమ్ మీద రాసి పెట్టుకోండి, కడగడానికి తీసుకెళ్లినవాళ్లు తిప్పి తెస్తారు.

స్క్రీన్లని పట్టే చేతులున్న ప్రెస్ అయితే ప్యాలెట్ (బట్ట పరిచే పలక) మీద కూర్చునే జిగ్ కావాలి. ఒక గట్టి బోర్డు, కింద ప్యాలెట్‌ని రెండు వైపులా పట్టే పట్టీలు, పైన మూడు బోల్టులు. జిగ్‌ని పెట్టి, ఫ్రేమ్‌ని స్టాపులకి ఆనించి పట్టుకుని, క్లాంపులని ఒకటి కొంచెం, రెండోది కొంచెం, మార్చి మార్చి బిగించాలి. ఒకే క్లాంప్‌ని ఒకేసారి బిగిస్తే అది ఫ్రేమ్‌ని లాగేస్తుంది. పొడవాటి టేబుల్ మీద బట్ట పరిచి ఫ్రేమ్ ఎత్తి పెట్టే పద్ధతి అయితే స్టాపులు టేబుల్ పట్టా మీదా, ఆనే బోల్టులు ఫ్రేమ్ మీదా ఉంటాయి. సూత్రం ఒకటే.

కట్టుకున్నాక పరీక్షించండి. ఒకే ఫిల్మ్‌తో రెండు స్క్రీన్లు ఎక్స్‌పోజ్ చేసి, రెండు రంగులతో ఒకదాని మీద ఒకటి వేయండి. మార్కులన్నీ ఒకే దిక్కులో ఒకే మేర జరిగితే స్టాపుల లోపం. ఒక కొస దగ్గర సరిపోయి ఇంకో కొస దగ్గర జరిగితే ఫ్రేమ్ తిరుగుతోంది, పొడవు వైపు రెండు స్టాపులని ఇంకా దూరం జరపండి. మధ్యలో కుదిరి అంచుల్లో నలుమూలలా తప్పితే మెష్ సాగుతోందని అర్థం, ఒక స్క్రీన్ బిగుతుగా, ఇంకోటి వదులుగా ఉండి ఉంటుంది. వదులు స్క్రీన్‌కి ఏ పిన్నూ, ఏ స్టాపూ మందు కాదు.

ఎవరు ఏది తీసుకోవాలి

ఒకటి రెండు రంగులు, మార్జిన్ ఉన్న బొమ్మలు మాత్రమే చేసేవాళ్లు ఫ్రేమ్ స్టాపులు పెట్టుకుని, గ్రిడ్ బోర్డు కట్టుకుని అక్కడితో ఆగిపోండి. మూడు రంగులు దాటి, పనులు తరచూ తిరిగి వస్తుంటే అదే బోర్డుకి పిన్ బార్ చేర్చి ట్యాబ్‌లు మొదలుపెట్టండి. రెండింటికీ తొందర పడి ఒకేసారి కట్టక్కర్లేదు. స్టాపులు కుదిరాక చూస్తే సగం టెన్షన్ అప్పటికే తగ్గిపోయి ఉంటుంది.

పంచ్ కొనడం సబబయ్యేది ఎప్పుడంటే, ఫిల్ములు లోపలే కన్నాలు కొట్టే ఇమేజ్‌సెటర్ (లేజర్‌తో ఫిల్మ్ మీద బొమ్మ వేసే యంత్రం) మీద తీయించేటప్పుడు. అప్పుడు బొమ్మకీ కన్నానికీ నిజంగానే సంబంధం ఉంటుంది, మీ పిన్నులు ఆ కన్నాల కొలతకి సరిపోవాలి, అదనంగా మీరు కొట్టే క్యారియర్లు కూడా అదే లెక్కలో ఉండాలి. లేదా రోజంతా ఫిల్ములే సిద్ధం చేసే మనిషి ఒకరు షాపులో ఉండి, ట్యాబ్‌లు అతికించే టైమ్ కూడా బరువనిపించేటప్పుడు. కొంటే ఒక వైపు గుండ్రటి కన్నం, ఇంకో వైపు పొడుగు కన్నం కొట్టేది, రెండింటి మధ్య దూరం మీ పెద్ద ఫిల్మ్ వెడల్పుకి దగ్గరగా ఉండేది చూసుకోండి. పక్కపక్కనే రెండు కన్నాలు కొట్టే ఖరీదైన పంచ్ కంటే దూరదూరంగా అతికించిన రెండు ప్లాస్టిక్ ముక్కలు నయం.

ఫిల్మ్ లేకుండా నేరుగా స్క్రీన్ మీదే ఇంక్‌జెట్‌తో బొమ్మ వేసే యంత్రాలు వచ్చాక మొదటి రెండు అతుకులూ ఒకటైపోయాయి. కానీ ఆ యంత్రంలోనూ ఫ్రేమ్ కూర్చునేది స్టాపుల మీదే, అది తిరిగి వెళ్లేది ప్రెస్ మీద స్టాపుల దగ్గరికే. రేపు అటు వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ఇప్పుడే స్టాపుల కొలతలు రాసి పెట్టుకుంటే అప్పుడు ఆ జిగ్ అలాగే పనికొస్తుంది.